శవం లోపల, సారు బయట

జగిత్యాల జిల్లాలో యముడికి గుడి ఉంది. ధర్మపురి లక్ష్మీనరసింహస్వామి ఆలయ ప్రాంగణంలోనే ఆయన కొలువు. ధర్మపురికి వచ్చినవాళ్లకు యమపురి లేదని నానుడి కూడా ఉంది. ఇన్ని యుగాలుగా ఆయనకున్నది ఒక్కటే వాహనం, దున్నపోతు. దాని కొమ్ములకు ఎల్‌ఈడీ లైట్లు చుట్టించాలని గానీ, వీపు మీద ఫైబర్ నెమలిని కూర్చోబెట్టాలని గానీ, డొక్కల మీద తన ఫొటో అతికించుకోవాలని గానీ ఆయనకు ఎన్నడూ తోచలేదు. వార్డు మెంబరుగానైనా నిలబడే ఆలోచన లేదు కదా, ఎందుకు తోస్తుంది?

మన దాతలకు తోచింది. పుట్టినరోజుకో, తండ్రిగారి సంవత్సరీకానికో, మున్సిపల్ ఎన్నికలకు నాలుగు నెలల ముందో ఒక పాత బండిని పట్టుకొచ్చి, నెత్తిన గోపురం ఎక్కించి, వైకుంఠ రథం అని పేరు పెట్టి పట్టణానికి అంకితం చేస్తారు. కోరుట్ల అయినా జగిత్యాల అయినా సిరిసిల్ల అయినా శవానికి బండి కావాల్సిందే, అందులో రెండో మాట లేదు. వాడకట్టంతా వచ్చి భుజం పట్టే రోజులు పోయాయి. కొడుకు దుబాయ్‌లో, అల్లుడు మస్కట్‌లో ఉంటే ఇంటి దగ్గర మిగిలేది మోకాళ్లు అరిగిన ముసలివాళ్లు. పాడె మోయడానికి నలుగురు దొరకడమే కష్టం. బండితో నాకే పంచాయితీ లేదు. దాని పక్కల మీది ఫొటోతోనే ఉంది.

తయారీ ఎలా ఉంటుందో చూడండి. ముందు ఒక టాటా ఏస్ దొరకాలి. 2005లో రోడ్డెక్కినప్పటి నుంచి ఈ ఛోటా హాథీ మన ఊళ్లలో మోయని సరుకు లేదు. కూరగాయలు, బర్రె దూడలు, టెంట్‌హౌస్ కుర్చీలు, బరాత్‌లో డీజే డబ్బాలు, నవరాత్రులకు వినాయకుడు. ఇవన్నీ మోసి మోసి, గేరు మార్చితే మూలిగే స్థితికి వచ్చాక దాని మీద దాత కన్ను పడుతుంది. బతికున్నవాళ్ల టమాటాలకు పనికిరాని బండి చచ్చినవాళ్లకు సరిపోతుందన్న లెక్క. వెల్డింగ్ షాపులో డాలా విప్పుతారు. స్క్వేరు పైపులతో గూడు కట్టి, రేకు కొట్టి, నడుమ శవాన్ని పడుకోబెట్టే స్టీలు బల్ల, అది జారడానికి రోలర్లు, రెండు పక్కలా ఇరుకు బెంచీలు బిగిస్తారు. పని ఇక్కడితో ఆగితే ఈ వ్యాసంతో అవసరమే ఉండేది కాదు. అప్పుడే దాత షాపులోకి అడుగుపెడతాడు.

"ఉస్తాద్, పైన గోపురం ఏదే?"

"గోపురం పెడితే కరెంటు తీగలు తాకుతయి సార్."

"చిన్నగనే పెట్టు. ముందట రెండు నెమళ్లు. శంఖు చక్రాలు. గరుత్మంతుడు దొరకడా?"

"దొరుకుతడు సార్. పైసలైతయి."

"కానియ్. మరి మన ఫొటో?"

"యెనక డోర్ మీద పెడుదం."

"డోర్ తెరిస్తే?"

ఉస్తాద్ గడ్డం గీరుకున్నాడు. శవాన్ని ఎక్కించేటప్పుడు వెనక డోరు రెండు రెక్కలుగా తెరుచుకుంటుంది. సారు మొఖం నడిమికి చీలి, ఒక కన్ను ఇటు, ఒక కన్ను అటు పోతుంది. అపశకునం. చివరికి రెండు పక్కలా కిటికీ అద్దాలు రావాల్సిన జాగలో నాలుగడుగుల రేడియం స్టిక్కరు ఖాయమైంది. సారు రెండు చేతులు జోడించి నవ్వుతూ ఉంటారు. పైన పార్టీ పెద్దల గుండ్రటి ఫొటోలు వరసగా. కింద "ఆఖరి మజిలీకి మా తోడు" అని పసుపు అక్షరాలు. ఇప్పుడు లోపల పోయేది ఎవరో బజారులో నిలబడ్డవాళ్లకు కనబడదు. బయట నవ్వేది ఎవరో కళ్లు మూసుకున్నా కనబడుతుంది.

ఇక ప్రారంభోత్సవం. రిబ్బను, కొబ్బరికాయ, టైర్ల కింద నిమ్మకాయలు, పచ్చజెండా. డ్రైవరు సీట్లో ముఖ్య అతిథి కూర్చుని స్టీరింగ్ పట్టుకుని ఫొటో దిగుతాడు. వెనక బల్ల దగ్గర మాత్రం ఎవరూ దిగరు, ఎంత వీరాభిమాని అయినా. మర్నాడు జిల్లా పేజీలో వార్త వస్తుంది. దాని ఆఖరి వాక్యం ఏళ్ల తరబడి ఒక్కటే: ప్రజలు ఈ సదవకాశాన్ని సద్వినియోగం చేసుకోవాలని కోరారు. రైతుబజారుకైనా కంటి శిబిరానికైనా అదే వాక్యం, శవాల బండికీ అదే. ఎలా సద్వినియోగం చేసుకోవాలో మాత్రం చెప్పరు. సారు చేతి చలువ, వాడకపోతే ఏమనుకుంటారోనని భయపడి మంచాన ఉన్న ముసలాయన ఎవరైనా త్వరపడాలి కాబోలు.

ఆ తర్వాత నిజంగానే ఒక చావు జరుగుతుంది. మన దగ్గర శవం ముందు నడిచేది కొడుకు, చేతిలో నిప్పుకుండ. వెనక డప్పులు. బండి వచ్చినా ఈ వరస మారదు, మారింది డ్రైవరు పనే. నిప్పుకుండ పట్టుకున్న మనిషి నడకకు సరిపోయేలా ఫస్టు గేరులో, సగం క్లచ్ మీద బండిని పాకించాలి. పాత ఛోటా హాథీ క్లచ్ ప్లేటు ఎంతకాలం ఉంటుంది? కాలిన వాసన రాగానే చితి వాసనేమోనని చుట్టాలు ముక్కు మూసుకుంటారు. సగం దారిలో దింపుడు కల్లం ఉంటుంది. పాడెను నేల మీద దింపి, చెవి దగ్గర పేరు పెట్టి మూడుసార్లు పిలవాలి, ఒకవేళ ప్రాణం ఉంటే పలుకుతుందని. రథంలో అదెలా? స్పీడుబ్రేకరు దగ్గర బండి ఎలాగూ ఆగుతుంది, అక్కడే కానిచ్చేస్తారు. లోపలికి తల దూర్చి పిలిస్తే పైన స్పీకరు ఊరుకోదు. హరిశ్చంద్ర నాటకం కాటిసీను పద్యాలు మోగుతుంటాయి. చావు ముందు రాజూ పేదా ఒకటేనని జాషువా రాసిన పద్యాలు, రెండు పక్కలా ఒకే మనిషి నిలువెత్తు బొమ్మ వేసిన బండిలోంచి ఊరంతా వినబడతాయి. పలకాలనుకున్న శవం కూడా ఆ హోరులో మనసు మార్చుకుంటుంది.

చట్టం సంగతి కూడా ఒకటి ఉంది. మోటారు వాహనాల చట్టం చేసినవాళ్లకు చావంటే కొంచెం జాలి ఉన్నట్టుంది. శవాన్ని, దాంతో పోయే బంధువులను మాత్రమే తీసుకుపోయే బండికి పర్మిట్ అక్కర్లేదని 66వ సెక్షన్‌లోనే రాసి పెట్టారు. బండిని ఇష్టం వచ్చినట్టు మార్చవద్దన్నది 52వ సెక్షన్. కంపెనీ ఇచ్చిన ఆకారానికి భిన్నంగా మార్పులు చేయకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో, అనుమతి లేకుండా మారిస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు ఐదు వేల జరిమానా, లేదా రెండూ అని కూడా చేరింది. ఒక్కో మార్పుకు అన్న మాట గమనించండి. గోపురం ఒకటి, నెమళ్లు రెండు, గరుత్మంతుడు ఒకడు. వైకుంఠానికి పోయే దారిలో ఆర్టీవో ఆఫీసు ఉంటే రథం అక్కడే ఆగిపోయేది. బుల్లెట్ సైలెన్సరు మార్చిన పోరణ్ని నడిరోడ్డు మీద ఆపే పోలీసు, ఈ రథానికి మాత్రం టోపీ తీసి దారి ఇస్తాడు. లోపల ఉన్నాయనకు గౌరవంగా ఇస్తాడో, పక్కల మీద ఉన్నాయనకు భయపడి ఇస్తాడో అడగకండి. పోయినవాడికి పర్వాలేదు. బెంచీల మీద వేలాడుతున్న ఎనిమిది మంది బంధువుల సంగతేమిటి? రేపు మలుపులో బండి పల్టీ కొడితే బీమా కంపెనీ మొట్టమొదట అడిగేది ఈ మార్పులకు కాగితం ఉందా అనే.

ఈ సరదా మన ఒక్కళ్లదే కాదు. జపానులో ఖరీదైన క్యాడిలాక్, లింకన్ కార్ల వెనకభాగం తీసేసి, బంగారు రేకుల చెక్కడాలతో బౌద్ధాలయం లాంటి కప్పు బిగించి శవాలను ఊరేగించేవారు. తర్వాత చుట్టుపక్కల ఇళ్లవాళ్లు పొద్దున లేస్తే ఇదా చూడడం అని గొడవ పెట్టారు, చాలాచోట్ల దహనవాటికలవాళ్లు అలాంటి బండ్లను రానివ్వడం మానేశారు. ఇప్పుడు అక్కడ ఎక్కువగా తిరిగేవి నల్లటి సాదా కార్లు. అయినా వాళ్ల గుడికప్పు మీద మున్సిపల్ ఛైర్మన్ ఫొటో వేసినట్టు నేనెక్కడా చూడలేదు, ఆ తెలివి మన దగ్గరే పుట్టింది. గుజరాత్‌లో అమ్రేలి జిల్లా రైతు ఒకాయన ఇంకో అడుగు ముందుకేశాడు. 2024 నవంబరులో, తనకు కలిసొచ్చిన పాత వ్యాగన్ఆర్ కారును పూలతో అలంకరించి, ఊరిని పిలిచి భోజనాలు పెట్టి, గొయ్యి తీసి పాతిపెట్టాడు. కారునే సాగనంపాడు. అందులో నిజాయితీ ఉంది: పోయింది కారు, పూలు కారుకు.

మామూలు బండిని శవాల బండిగా మార్చడానికి వెల్డింగ్ కూడా అక్కర్లేదని మన జగిత్యాల జిల్లాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్‌రోడ్డు మీద జగిత్యాల డిపో బస్సు లోయలోకి పోయింది. సీట్లకు దాదాపు రెట్టింపు మంది ఎక్కారు. 60 మందికి పైగా చనిపోయారు. నెమళ్లు లేవు, గోపురం లేదు, స్పీకరు లేదు. పల్లెల నుంచి జగిత్యాల పోయే బస్సు అది, కూలికి, ఆస్పత్రికి, బ్యాంకుకు బయల్దేరిన జనం. ఆ దారిలో ఇంకో బస్సు ట్రిప్పు వేయించిన దాత ఎవరైనా ఉంటే ఆయన ఫొటోను ఎనిమిదడుగులు వేసినా నేను నోరు మూసుకుంటాను.

బతికుండగా కావాల్సింది అందదు, సిరిసిల్లదీ ఇదే బాధ. మరమగ్గాల ఊరు. నూలు ధరలు, అప్పులు, పనిలేని నెలలు కలిసి ఎంతమంది నేతకార్మికులను మింగాయో అక్కడ ఇంటింటికీ తెలుసు. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డరు వచ్చిన ఏళ్లలో మగ్గం ఆడింది, ఆగిన ఏళ్లలో ఆగింది. ఎన్నికలు వస్తే పార్టీల జెండాలు, కండువాలు నేసేది కూడా ఆ మగ్గాలే. ఆ కండువా మెడలో వేసుకున్న నాయకుడే, ఆ కండువా నేసి అప్పుతో పోయినవాడికి పచ్చజెండా ఊపి రథం పంపుతాడు. బతికినన్నాళ్లు కూలి గిట్టుబాటు కాని మనిషికి పోయినంక గోపురం.

కోరుట్ల, మెట్‌పల్లి వైపు చావు ఇంకో తీరుగా వస్తుంది. శంషాబాద్ ఎయిర్‌పోర్టు కార్గో గేటు నుంచి చెక్కపెట్టెలో వస్తుంది. రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దారి. గల్ఫ్‌లో పోయిన కార్మికుడి కుటుంబానికి ఐదు లక్షలు ఇస్తామని 2024లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది, మంచిదే. ఆ రాత్రి ఆ ఇంటికి కావాల్సింది పెట్టె పట్టేంత పొడవున్న బండి, నిద్రపోని డ్రైవరు, నింపిన డీజిలు ట్యాంకు. నెమళ్ల నడుమ పెట్టె పడుతుందా అని ఏ దాతా టేపు పెట్టి కొలవలేదు. టేపు అంతా ఫొటో కొలతకే సరిపోయింది.

బండి లేని చావు ఎలా ఉంటుందో కూడా మనం చూశాం. 2022 ఏప్రిల్‌లో తిరుపతి రుయా ఆస్పత్రి బయట అంబులెన్సుల బేరం కుదరక, ఒక తండ్రి పదేళ్ల కొడుకు శవాన్ని బైకు మీద దాదాపు తొంభై కిలోమీటర్లు తీసుకుపోయాడు. మహాప్రస్థానం పేరుతో ఉచిత బండ్లున్న రాష్ట్రంలోనే. బండికి మంచి పేరు పెట్టడం, వేళకు బండిని పంపడం రెండు వేర్వేరు పనులు. మన వైపు మొదటిది బాగా వచ్చు.

రెండోది చేసిన మనిషి లేకపోలేదు. 2020 జూలైలో, కరోనాతో పోయిన మనిషిని తరలించడానికి డ్రైవరు ముందుకు రాకపోతే, పెద్దపల్లిలో ఒక ప్రభుత్వ డాక్టరు తానే మున్సిపల్ ట్రాక్టరు స్టీరింగ్ పట్టి శవాన్ని కాటికి చేర్చాడు. ఉత్త ట్రాక్టరు. దాని మీద ఎవరి ఫొటో లేదు. రిబ్బను కట్ చేయలేదు, నిమ్మకాయలు తొక్కించలేదు. నాకు తెలిసి మన పాత కరీంనగర్ జిల్లాలో తిరిగిన అసలైన వైకుంఠ రథం అదొక్కటే.

కాబట్టి దాతలకు ఒక మనవి. బండి ఇవ్వండి, దండం పెడతాం. గోపురం మానేసి ఆ పైసలతో క్లచ్ ప్లేటు మార్పించండి. ఫిట్‌నెస్, బీమా కాగితాలు సరిచేయించండి. డ్రైవరు జీతం, డీజిలు ఖర్చు మొదటి నెల తర్వాత కూడా ఎవరు కడతారో కాగితం మీద రాసివ్వండి, ఎందుకంటే చాలా రథాలు ఆగేది కాటి దగ్గర కాదు, మున్సిపల్ ఆఫీసు వెనక చెట్టు కింద. ఇక పక్కల మీది మీ ఫొటో తీసేయించి, అంత జాగలోనే, అంత సైజులోనే, అర్ధరాత్రి చేసినా ఎత్తే ఒక ఫోన్ నంబరు రాయించండి.