ఎండిపోయాను, చావలేదు

నేను నులిపురుగును. గోధుమ కంకిలో పుట్టాను. నా పొడవు మిల్లీమీటరు కూడా ఉండదు, ఒళ్లు వెంట్రుక కన్నా సన్నం. శాస్త్రజ్ఞులు నాకు ఆంగ్వినా ట్రిటిసి అని పేరు పెట్టారు. ఉత్తర భారతంలో గోధుమ పండించే రైతుల్లో మా తెగులు చూసినవాళ్లు ఉన్నారు. కంకిలో గింజ ఉండాల్సిన చోట నల్లగా, గట్టిగా, గింజ కన్నా పొట్టిగా ఒక బుడిపె కనిపిస్తుంది. అదే మా ఇల్లు.

మా అమ్మానాన్నలు నేలలోని తడికి మేలుకుని, గోధుమ మొలకను వెతికి పట్టుకున్నారు. ఆకుల మధ్య పేరుకున్న పలుచని నీటి పొరలో పాకుతూ పైకెక్కి, పూత ఇంకా మొగ్గగా ఉండగానే అందులో దూరారు. గింజ కావలసినది వాళ్ల చుట్టూ బుడిపెగా పెరిగింది. అక్కడే పెద్దవాళ్లయి జతకట్టారు. మాలో ఒక ఆడపురుగు రెండు వేల దాకా గుడ్లు పెట్టగలదు. మేం గుడ్లలోంచి బయటికొచ్చేసరికి వాళ్ల బతుకు ముగిసింది. బయట కంకులు పండి ఎండుతున్నాయి. ఒక్కో బుడిపెలో వేలాదిగా ఉన్న మేమూ వాటితోపాటే ఎండడం మొదలుపెట్టాం.

ఒంటి బరువులో పదో వంతు నీరు పోతే మనిషి ప్రాణం మీదికి వస్తుంది. నా ఒంట్లోనైతే దాదాపు నీరంతా పోయింది. తిండి లేదు, కదలిక లేదు, ఊపిరి ఉన్న జాడ కూడా లేదు. అయినా చావలేదు. ఎందుకంటే ఎండడానికి ముందే నేను సిద్ధపడ్డాను.

ఆ సిద్ధపాటులో మొదటిది నిదానం. ఒక్కసారిగా ఎండితే కణాల పొరలు చిట్లిపోతాయి. బుడిపె గోడ మందంగా ఉండడం వల్ల నీరు మెల్లగా పోతుంది, ఒళ్లు సర్దుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. రెండోది చక్కెర. మా ఒంట్లో ట్రెహలోజ్ అనే చక్కెర ఉంటుంది. నీరు వెళ్లిపోతున్నప్పుడు ఇది కణాల పొరలనూ ప్రోటీన్లనూ అంటిపెట్టుకుని, వాటి ఆకారం చెడకుండా కాపాడుతుంది. నీరు మరీ తగ్గాక గాజులా గట్టిపడి, లోపలి ప్రతి అణువునూ ఉన్నచోటే నిలిపేస్తుంది. మూడోది ఒక రకం ప్రోటీన్లు. గాజు సామాను పగలకుండా పెట్టెలో గడ్డి కూరినట్టు, ఇవి తక్కిన ప్రోటీన్ల మధ్య నిలిచి అవి ఒకదానికొకటి అతుక్కోకుండా చూస్తాయి.

ఈ ప్రోటీన్లను శాస్త్రజ్ఞులు మొదట చూసింది జంతువుల్లో కాదు, పత్తి గింజల్లో. 2002లో మా బంధువైన అఫెలెంకస్ అవెనే అనే నులిపురుగులోనూ అవే ఉన్నాయని తేలింది. గోధుమ గింజ తన మొలకను నెలల తరబడి దాచుకునేది కూడా చక్కెరలతోనూ ఇదే తరహా ప్రోటీన్లతోనూ. గింజా నేనూ ఒకే కంకిలో, ఒకే ఎండకు ఎండుతాం. ఒకే తడికి లేస్తాం. ఇద్దరికీ ప్రకృతి నేర్పిన ఉపాయం ఒకటే.

మా సంగతి లోకానికి మొదట తెలిసింది ఇంగ్లండులో. 1743లో జాన్ నీడమ్ అనే పరిశోధకుడు చెడిపోయిన గోధుమ గింజను కోసి చూస్తే లోపల తెల్లని పోగులు కనిపించాయి. వాటిని విడదీద్దామని నీళ్లు చల్లాడు. పోగులు కదిలాయి! అవి మా పూర్వీకులే. నీడమ్ ఇచ్చిన గింజలను హెన్రీ బేకర్ అనే మరో పరిశోధకుడు దాచి ఉంచి, 1771లో తడిపి చూశాడు. సుమారు 27 ఏళ్ల తర్వాత కూడా అందులోని పురుగులు లేచాయి. ఎండినది చచ్చినట్టా, బతికినట్టా అన్న వాదన ఆ తర్వాత వందేళ్లకు కూడా తెగలేదు. మా లాగే ఎండి లేచే ఇతర సూక్ష్మజీవుల గురించి పాల్ బ్రోకా అనే వైద్యుడు 1860లో పారిస్‌లో పెద్ద నివేదికే రాయాల్సి వచ్చింది.

మా కులంలో నాకన్నా గట్టివాళ్లున్నారు. సైబీరియాలో కోలిమా నది దగ్గర గడ్డకట్టిన నేలలోంచి తీసిన పురుగులు సుమారు 46,000 ఏళ్ల తర్వాత లేచాయని 2023లో ప్రకటించారు. గడ్డకట్టే ముందు కొంచెం ఎండనిస్తే ఆ పురుగులు చలిని మరింత బాగా తట్టుకుంటాయి. అక్కడా అదే చక్కెర పోగవుతుంది. తెలుగు రైతుకు దగ్గర్లోనే ఉన్న మా చుట్టం ఒకటి వరి గింజల్లో ఉంటుంది. పొట్టు కింద చుట్టలు చుట్టుకుని, మరుసటి నారుమడి దాకా ఎండి పడి ఉంటుంది. అది సోకిన వరిలో ఆకుల కొనలు తెల్లబడి ఎండుతాయి.

మాకు హాని చేసేది ఎండ అని చాలామంది అనుకుంటారు. నిజానికి మాకు ఎండ రక్ష, తడి పరీక్ష. ఎండి ఉన్నంతకాలం నా ఒంట్లో ఖర్చు లేదు. తడి తగిలి లేచానా, దాచుకున్న కొవ్వు కరగడం మొదలవుతుంది. గోధుమ మొలక దొరికేదాకా నాకు తిండి లేదు. దొరకకపోతే కొన్ని నెలల్లో ఆకలితో చస్తాను. అందుకే గోధుమ వేసిన పొలంలో మరుసటి ఏడు శనగ వేస్తే మా వంశం అక్కడ నిలవదు.

మా నుంచి మనిషి నేర్చుకున్నది కూడా ఉంది. సున్నితమైన ప్రోటీన్లు చెడిపోకుండా ఉండడానికి కొన్ని మందుల్లో ఇప్పుడు ఇదే ట్రెహలోజ్ కలుపుతున్నారు. ప్రాణం కదలికలో మాత్రమే లేదు, అమరికలో ఉంది. నీరు పోయినా అమరిక చెదరకపోతే ప్రాణం తిరిగొస్తుంది. నా బతుకు చెప్పేది ఇదే.

గోధుమ విత్తే రైతుకు నా చివరి మాట: విత్తనాన్ని ముందు ఉప్పునీటిలో పోసి కలపండి. మంచి గింజ మునుగుతుంది, మా బుడిపె తేలుతుంది. మునిగిన గింజను మంచినీటితో కడిగి ఆరబెట్టి విత్తుకోండి. తేలినవాటిని గట్టు మీద పారేయకండి, కాల్చేయండి. ఎండి ఉన్నాయి కదా అని వదిలేస్తే, నేల తడిసిన రోజున మేం లేస్తాం.