సదరు దుడ్డె: టీకా తాత్పర్య సహితం

మూలం

దుడ్డె. తల్లి: సదరు. రంగు: సదరు. లింగం: మగ. ఈనిన తేది: 31-3-2025. చెవి బిళ్ల చివరి అంకెలు: 74.

అవతారిక

శంకర్‌పల్లి దిక్కు ఒక ఊరి పశువుల రిజిస్టరులో ఇదొక వరుస. గణాలు కుదరవు, ప్రాస లేదు, యతిస్థానంలో చుక్క పెట్టారు. అయినా వ్యాఖ్య తప్పలేదు. ఇందులో ‘దుడ్డె’ అన్న ఒక్క మాట తప్ప తక్కినవన్నీ అబద్ధం. ఆ దుడ్డె మాది.

వ్యాఖ్యాతలకు మా ప్రాంతంలో కరువు లేదు. కాళిదాసును లోకానికి విప్పి చెప్పిన మల్లినాథసూరిది మెదక్ జిల్లా కొల్చారం. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ముందే మాటిచ్చి మరీ కలం పట్టాడు. అంతటివాడు పశువుల రిజిస్టరు ఎందుకు రాయలేదా అని నాకు అప్పుడప్పుడూ దిగులు. ఈ శాస్త్రంలో మూలమంటే కాగితం కాదు. కొట్టంలో నాలుగు కాళ్ల మీద నిలబడి తోకతో ఈగలు తోలుకుంటున్నదే మూలం. రిజిస్టరు దానికి వ్యాఖ్య మాత్రమే.

ప్రతిపదార్థం

దుడ్డె = బర్రె ఈనిన దూడ. ఇంతవరకు పేచీ లేదు.

తల్లి: సదరు = పై వరుసలో చెప్పినదే. పై వరుసలో ఉన్నది మా పక్కింటాయన జెర్సీ ఆవు. కావున జెర్సీ ఆవుకు బర్రెదూడ పుట్టెనని అన్వయం. రసం అద్భుతం.

రంగు: సదరు = ఎరుపు. మా ముర్రా దుడ్డె కాటుక భరిణె. తోక కుచ్చు ఒక్కటే తెల్లన.

31-3-2025 = ఆనాడు రంజాన్. పక్క వీధివాళ్లు షీర్‌ఖుర్మాకు పాలడిగితే లేవన్నాం. బర్రె నిండు సూడితో ఉంది, పాలు ఎండగట్టి ఉంచాం. కావున ఆ రోజు మా కొట్టంలో పుట్టినవి దోమలే.

74 = బిళ్ల మీద ఉన్నది 47. భూతసంఖ్యలు చదివేటప్పుడు అంకెలకు ఎడమ నడక అని పూర్వులు పెట్టిన నియమం రాసినవాడికి తెలిసి ఉండాలి. అంతటి పండితుణ్ణి తప్పుపట్టడానికి నోరు రాదు.

టీక

దూడలకు గుర్తు వేయడం కొత్త పని కాదు. పుట్టిన నెలా రెండు నెలల్లో దూడకు అంకం వేయాలని, అంకంతో పాటు పుట్టుమచ్చలు, రంగు, రెండు కొమ్ముల మధ్య ఎడం రాసి పెట్టాలని కౌటిల్యుడు గోఽధ్యక్షుడికి పని అప్పగించాడు. నెల దూడకు కొమ్ములెక్కడివని ఆనాటి గుమాస్తా అడిగాడో లేదో. భారతంలో దుర్యోధనుడు ఘోషయాత్ర పేరుతో అడవికి వెళ్లింది మంద లెక్క చూసి దూడలకు గుర్తులు వేయిస్తాననే. అసలు ఉద్దేశం పాండవుల ముందు డాబు. లెక్క బాగానే జరిగింది, ఆ తర్వాతే గంధర్వుల చేతికి చిక్కాడు. విరాటుడి కొలువులో సహదేవుడు పట్టింది కూడా పశువుల లెక్కే. పాండవుల్లో ఈ ఉద్యోగం దొరికింది ఆయనొక్కడికే. మాట పొదుపైన మనిషి, ‘సదరు’ రాసే రకం కాదు.

ఇప్పుడు కాల్చిన ఇనుము పోయి పసుపు పచ్చ ప్లాస్టిక్ బిళ్ల వచ్చింది. మీద 12 అంకెలు, కింద గీతల కోడ్. పశువుకు ఆధార్ అంటారు. 2019లో కేంద్రం గాలికుంటు, బ్రూసెల్లోసిస్ నివారణ కార్యక్రమం మొదలుపెట్టాక టీకా వేసిన ప్రతిసారీ ఆ నంబరు కిందనే రాయడం మొదలైంది. చెవిలోని నరాల మధ్య చోటు చూసి, కొరముట్టుతో ఒక్క నొక్కు. మా దుడ్డె ఒక్కసారి తల విదిలించి, వెంటనే నా లుంగీ కొస నోట్లో పెట్టుకుంది.

ఇక్కడ పాఠకులు శ్లేష గమనించాలి. టీకా అంటే వ్యాఖ్య, టీకా అంటే సూది కూడా. బ్రూసెల్లోసిస్ అంటే సూడి నిలవకుండా ఈచుకుపోయే రోగం. పచ్చిపాల వెంట మనిషికీ అంటుతుంది. దాని టీకా ఆడ దూడలకే, నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులో, జన్మకొకసారి. కాగితం మీద మగ అయిన దుడ్డె పేరు ఆ జాబితాలోకి రాదు. ఈ టీక తప్పితే ఆ టీకా తప్పుతుందన్నమాట. వర్షాకాలం చివర్లో మా వీధి పెయ్యలన్నిటికీ పిలుపొచ్చి మా దానికి రాకపోతేనే నేను రిజిస్టరు చూపించమని అడిగాను.

పాఠాంతరాలు

పశువుల దవాఖాన తమ్ముడు వెతికి వెతికి ఒక చీటీ తీశాడు. బిళ్లలు వేసిన క్యాంపు నాడు వానలో తడిసి ముడతలు పడ్డది.

“సారూ, రిజిస్టరుల ఎక్కించింది గీ చిట్టీ చూసే. గిది ఎవ్వల చేతిరాత?”

చూశాను. కర్తృత్వ నిర్ణయం అంత తొందరగా జరిగిన సందర్భం సాహిత్య చరిత్రలో ఇంకోటి ఉండదు. ఆ రోజు వరుస పొడుగ్గా ఉందని, తెలుగు సారును కదా అని, వీధి మొత్తానికి చీటీలు రాసిచ్చింది నేనే. పక్కింటాయన ఆవు వివరాల కిందనే మా దుడ్డెవి రాశాను. రెండింటి యజమాని కాలమ్‌లో వీధి పేరు ఒకటే గనక ‘సదరు’ అని అక్కడ పెట్టాను. సంక్షిప్తత గుణమని నలభై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ణి. ఎక్కించేవాడికి ఆ ‘సదరు’ కిందికీ పక్కకీ పాకింది.

‘మగ’ పుట్టుక ఇంకా విచిత్రం. జాతి ముర్రా అని పూర్తిగా రాయకుండా ‘ము.’ అన్నాను. వాన చుక్క పడి కొమ్ము చెరిగింది. మిగిలింది ‘మ.’. ఎక్కించిన చేయి దాన్ని మగగా విప్పింది. కొమ్ములింకా మొలవని దుడ్డెకు ఉన్న ఒక్క కొమ్మూ అలా కాగితం మీద ఊడిపోయింది.

తేదీ సంగతి. నేను రాసింది 30-4. నా సున్న సన్నం, ఒకటిలా కనిపిస్తుంది. 31-4 అని కొడితే కంప్యూటరు ఒప్పుకోలేదు, ఏప్రిల్‌కు ముప్పైయే గదా. అప్పుడు 31ని నిలబెట్టి నెలను దిద్దారు. దిద్దుబాట్లలో ఇది అన్నిటికన్నా ప్రమాదం. కంప్యూటరు ఒప్పుకున్నదే నిజమనుకోవడం.

గర్భ నిర్ణయం

ఎద సూది వేసింది 25-6-2024న అని గోపాలమిత్ర రాసిచ్చిన కార్డు ఇంట్లో ఉంది. బర్రె మోసేది సుమారు 310 రోజులు, ఆవు సుమారు 280. ఏప్రిల్ 30కి లెక్కిస్తే 309. మార్చి 31కి లెక్కిస్తే 279. అంటే తప్పు తేదీ తప్పు తల్లికి అతికినట్టు సరిపోయింది! ఆవు లెక్కతో చూసినవాడికి ఇందులో దోషమే కనబడదు. రెండు తప్పులు ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకుంటున్న చోట వ్యాఖ్యాత ఏం చేయాలి? మౌఖిక సంప్రదాయాన్ని ఆశ్రయించాలి. మా ఆమెను అడిగాను.

“అక్షయ తృతీయ నాడు గాదా ఈనింది? బంగారం కొనియ్యవైతివి, ఇంట్ల లక్ష్మి పుట్టిందని సంబరపడవడితివి. గందుకే లక్ష్మి అని పేరు వెట్టినం. నలభై ఏండ్లు పోరగాండ్ల తప్పులు దిద్దినవ్, దుడ్డె ఆడదో మగదో రాసెటందుకు రాకపాయె.”

2025లో అక్షయ తృతీయ ఏప్రిల్ 30నే. తేదీ, లింగం, నా యోగ్యత, మూడూ ఒక్క మాటలో తేలిపోయాయి.

తాత్పర్యం

దిద్దడానికి దుడ్డెనే దవాఖానకు తోలుకుపోయాం. దారి పొడుగునా వెంచర్ల కమాన్లు, విల్లాల బోర్డులు. వాటి కింద గడ్డి చూసి లక్ష్మి నాలుగుచోట్ల ఆగింది. చెవికంటిన పేడ తడిగుడ్డతో తుడిచి, బిళ్ల మీది నంబరు మూడేసి అంకెలుగా నేను పైకి చదివాను, తమ్ముడు రాశాడు. మళ్లీ అతను చదివాడు, నేను చెవి చూశాను. 3కూ 8కీ మధ్య తేడా ఒక చిన్న మట్టి పెళ్ల. చిలుకూరు బాలాజీ గుళ్లో 108 ప్రదక్షిణలు చేసేవాళ్లు చుట్టు చుట్టుకూ కార్డులో గడి కొడతారు, అన్నీ అయ్యాక గుర్తుతెచ్చుకుని కొట్టరు. చెవి బిళ్ల కూడా అంతే, ఇంటికెళ్లి రాస్తే 47 కాస్తా 74 అవుతుంది.

రిజిస్టరులో పాత మాట మీద ఒక్క గీత, పైన సరైన మాట, పక్కన తేదీ, సంతకం. వైట్‌నర్ పూయనివ్వలేదు. బ్రౌను దొర తాటాకు ప్రతులు పోల్పించినప్పుడు తప్పు పాఠాన్ని కూడా రాసి ఉంచాడు, లేకపోతే ఏది దేన్ని దిద్దిందో తెలియదు. కంప్యూటరులోనూ ఉన్న నంబరు కిందే వివరాలు మార్చాలి. తొందరపడి కొత్తగా నమోదు చేస్తే ఒక దుడ్డె రెండవుతుంది. బిళ్ల ఊడిపోయినా అదే పద్ధతి, కొత్త నంబరును పాతదానికి ముడివేయాలి. లేకపోతే వేసిన టీకాలన్నీ ఊడిన బిళ్లతోనే పోతాయి. ఇక బీమా వాళ్లు మొదట చూసేది చెవినే. బ్రిటన్‌లో పిచ్చావు రోగం గొడవ తర్వాత 1996 నుంచి పశువులకు పాస్‌పోర్టులే ఇస్తున్నారు. పుట్టిన 27 రోజుల్లో దూడను నమోదు చేయకపోతే అది రాదు. చిలుకూరు వీసా స్వామికి అక్కడ ఇంకో శాఖ పెట్టొచ్చు.

పక్కింటాయన కూడా వచ్చాడు, తన ఆవు మీద పడ్డ బర్రెదూడ నింద మాపుకోవడానికి.

“సారూ, ఈపాలి మా ఆవు చిట్టీ నేనే రాసుకుంట. ఏమనుకోకు.”

గద్య

ఇది శంకర్‌పల్లి మండలాంతర్గత గ్రామ నివాసియు, సకల వీధి చీటీ లేఖకుండును, విశ్రాంత తెలుగు పండితుండును అగు వాని చేత తప్పులతడకగా రచింపబడి, వాన చేత పరిష్కరింపబడి, అతని ధర్మపత్ని చేత సరిదిద్దబడి, టీకా సహితమైన లక్ష్మి అను దుడ్డె వృత్తాంతమునందు సర్వము ఏకాశ్వాసము.