లక్క డబ్బా

నా పుట్టుక బర్మాలోని పగాన్. వెదురు పేళ్లు అల్లి, చెట్టుపాలు పూత మీద పూత పూసి, ఆరబెట్టి చేశారు నన్ను. పెరిగింది మాత్రం సిక్కోలు జిల్లాలో. మూత తీస్తే వక్క వాసన.

నన్ను కొన్నది రంగూన్ రేవులో బస్తాలు మోసిన కళాసీ. అక్కడ తెలుగు కూలీల్ని 'కొరంగీలు' అనేవారు. 1930 మేలో రేవు పనికోసం మొదలైన తగాదా కొట్లాటై, వందమందికి పైగా చచ్చారు. అయినా కూలి వదులుకోలేక అతను అక్కడే ఉండిపోయాడు.

1941 డిసెంబర్ 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. లక్షలాది భారతీయులతో పాటు మేమూ నడక పట్టాం. ప్రోమ్ నుంచి టాంగుప్ కనుమ మీదుగా అరకాన్‌కు. దారంతా కలరా. ఒకచోట ఇచ్ఛాపురం వైపు మనిషి చెట్టుకింద చతికిలబడ్డాడు. వెండి మొలతాడు విప్పి నాలో వేశాడు. "నువ్వు ఎల్లిపో బావా, నాను ఎనకాతల వొస్తాను." రాలేదు.

చిట్టగాంగ్, కలకత్తా దాటి చికాకోల్ రోడ్ స్టేషన్లో దిగాం. మొలతాడు అందుకున్న ఆ మనిషి ఇల్లాలు మూడే అడిగింది: "ఎక్కడ పడిపోనాడు? ఎవులు సూసినారు? మన్ను కప్పినారా, నేదా?" అది జాతిహననం కాదు, యుద్ధం, రోగం, కూలీల్ని గాలికొదిలేసిన దొరతనం. కానీ ఆ మూడు ప్రశ్నలూ రాసుకున్న కచేరీ ఏదీ లేదు.

ఆమె మనవరాలే తర్వాత మా ఇంటి కోడలైంది. ఇప్పుడు నేనున్నది ఆవిడ ఒళ్లోనే.

75 ఏళ్లకు, 2017లో, అదే అరకాన్ నుంచి సైన్యం తరిమితే 7 లక్షల మందికి పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌కు పరుగెత్తారు. వాళ్ల తరఫున 2019లో ఎక్కడో అర్జెంటీనాలో జాతిహననం అంటూ ఫిర్యాదు పడింది. ఇలాంటి ఘోరం ఏ దేశంలో జరిగినా విచారించే అధికారం తమకుందంటాయి అక్కడి కోర్టులు. 2021లో దర్యాప్తుకు దారి దొరికింది. 2023లో బాధితులే బ్యూనస్ ఎయిరీస్ వెళ్లి సాక్ష్యం చెప్పారు. 2025 ఫిబ్రవరిలో జడ్జి మరియా సెర్వినీ, అప్పటి సైన్యాధిపతి మిన్ ఆంగ్ హ్లయింగ్‌తో సహా పలువురి మీద అరెస్టు వారంట్లకు ఆదేశించింది. వారంటు పుట్టినంత మాత్రాన బేడీలు పడవని నాకూ తెలుసు.

మనవడు ఫోన్లో ఆ వార్త చదివి వినిపిస్తే మామ్మ వక్క నమలడం ఆపింది.

"ఎవులు సూసినారని అడిగినారేటి ఆల్ని?"

"అడిగారు మామ్మా. రాసుకున్నారు కూడా."

"ఊఁ," అని నా మూత తీసింది.