పెట్టె నాది, తాళం ఎవరిదో

మా రోజుల్లో సామాను కొంటే దాని గుట్టు కూడా పెట్టెలోనే వచ్చేది. బెంగళూరు కె.ఆర్.పురం పక్కన దూరవాణినగర్‌లో, 1948లో పెట్టిన ఐటీఐలో (ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్) పనిచేసినవాణ్ణి నేను. అక్కడ తయారైన నల్ల డయల్ ఫోను విప్పితే ఏది ఎందుకుందో కంటికి కనిపించేది. స్ట్రోజర్ ఎక్స్ఛేంజి అయితే చెవికి కూడా చెప్పేది. నంబరు తిప్పినకొద్దీ సెలెక్టర్లు టకటకా మెట్లెక్కేవి.

కంప్యూటర్లొచ్చిన కొత్తలోనూ అదే ధర్మం. విండోస్ 95 ఫ్లాపీల్లో కొంటే 13 ఫ్లాపీలు. ఒక్కటి చెడితే ఏడుపే, ఒప్పుకుంటాను. కానీ ఆ ఏడుపేదో మనింట్లో, మన ఫ్లాపీ ముందు. ఆపిల్ వాళ్లూ 2009లో స్నో లెపర్డ్ సిస్టమ్‌ను డీవీడీ మీదే 29 డాలర్లకు అమ్మారు. 2011లో లయన్ వచ్చింది, డీవీడీ పోయింది. నెట్లోంచి దించుకోమన్నారు.

మొన్న మా మనవడు పర్పుల్ లైన్ మెట్రో ఎక్కి ఎస్.పి.రోడ్డు ఎలక్ట్రానిక్స్ బజారుకు పోయి, 2012 నాటి మాక్‌బుక్ ప్రో సెకండ్ హ్యాండ్‌లో తెచ్చాడు. డీవీడీ డ్రైవు ఉన్న రకం. అడుగు రేకు విప్పి ర్యామ్ మార్చుకోవచ్చు, హార్డ్ డిస్కు తీసి ఎస్సెస్‌డీ పెట్టుకోవచ్చు. ఆ మటుకు మెచ్చుకున్నాను. అమ్మినవాడు డిస్కంతా తుడిచిచ్చాడు. ఆన్ చేస్తే ఫోల్డరు బొమ్మ, దాని మీద ప్రశ్నార్థకం. నెట్లోంచి సిస్టమ్ దించుకుందామని కమాండ్, ఆప్షన్, ఆర్ నొక్కిపట్టి ఆన్ చేస్తే తెర మీద భూగోళం తిరుగుతుంది. సాయంత్రం టిన్ ఫ్యాక్టరీ దగ్గర ట్రాఫిక్‌లో చిక్కిన బస్సులా, ఎంతసేపటికీ ముందుకు పోదు. తీరా మెనూ వచ్చి రీఇన్‌స్టాల్ అంటే, సర్వరు దొరకలేదంది. వైఫై బాగానే ఉంది. సంగతేమిటంటే, బ్యాటరీ చచ్చి లోపలి గడియారం 2001 జనవరి 1కి పోయింది. ఆ తేదీకి సర్వరు సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు, అందుకని నమ్మదు. టెర్మినల్ తెరిచి తేదీ సరిచేస్తే అప్పుడు దారికొచ్చింది.

అలా వచ్చే కాటలినా సిస్టమ్ ఈ పాత డిస్కు మీద నత్తనడకని, మావాడు స్నేహితుడి పెన్‌డ్రైవ్‌లోంచి అంతకంటే పాతదైన సియెర్రా ఎక్కించబోయాడు. ఫైలు చెడిపోయిందంది! ఎప్పుడో దించి దాచుకున్న ఫైలది. చెడలేదు, దాని సర్టిఫికెట్ గడువు 2019 అక్టోబరు 24తో తీరింది. ఇప్పుడు గడియారం వెనక్కి తిప్పాలట. ఇదేం న్యాయమండీ? ఒకదానికి నిజం తేదీ చెప్పాలి, ఇంకోదానికి అబద్ధం చెప్పాలి!

"2013 నుంచి ఊరికే ఇస్తున్నారు కదా తాతయ్యా" అంటాడు వాడు. ఊరికే ఇచ్చేవాడు ఆపేస్తే ఏమని అడుగుతాం? కాటలినాకు 2022లోనే భద్రతా మరమ్మతులు ఆగాయి. ఈ యంత్రానికి ఆపిల్ ఒప్పుకునే ఆఖరి సిస్టమ్ అదే. ఇనుము మాత్రం ఇంకా పదేళ్లు పనిచేసేలా ఉంది.

పాతది కొనేవాళ్లకు ఒక్క మాట. 2018 నుంచి వచ్చిన మాక్‌లు చాలావరకు ఇంకా గడుసువి. పాత యజమాని తన ఖాతాలోంచి తప్పించకపోతే యాక్టివేషన్ లాక్ పడుతుంది, డిస్కు తుడిచినా వదలదు. డబ్బు చేతిలో పెట్టకముందే అతని చేత ఫైండ్ మై ఆపించండి, సైన్ అవుట్ చేయించండి. సిస్టమ్ ఎక్కించి కొత్త ఖాతాతో తెరిచి చూపించేదాకా కొట్టు దిగకండి.