రెండు సీట్ల లెక్క

లండన్

బావా,

మీ చెల్లెకు టాపు తీసే చిన్న కారు కొనుడు మీద నువ్వు పంచాయితీ పెట్టినవని తెలిసింది. "ఇద్దరే కూసునే కారేంది, మా అమ్మను ఎక్కడ కూసోబెడ్తరు?" అన్నది నీ పెద్ద అభ్యంతరం. నా వాదన నిలబడేదే దాని మీద. మన దిక్కు ఆడమనిషికి స్టీరింగ్ వచ్చిందంటే ఆ కారు ఇగ ఆమెది కాదు, ఇంటిల్లిపాదిది. శంషాబాద్ ఎయిర్‌పోర్టుల దిగినోళ్లను తేవాలె. వీసా ఇంటర్వ్యూ ఉన్న ప్రతి చుట్టపు పిల్లగాన్ని చిలుకూరు గుడికి తీస్కపోయి, 11 ప్రదక్షిణలు అయ్యేదాక బయట ఆగాలె. వీసా వచ్చినంక 108కి మళ్ల పోవాలె. ఏడు సీట్ల బండి కొనిచ్చుడంటే జీతం లేని డ్రైవర్ కొలువు ఇచ్చుడే. అదే మాజ్దా ఎంఎక్స్-5 చూడు. 1989 నుంచి వస్తున్నది, పది లక్షలకు పైనే తయారైనయి, డిక్కీ 130 లీటర్లు. "వచ్చేటప్పుడు చేవెళ్ల మార్కెట్ల రెండు డబ్బాల టమాట ఏసుకరా" అనే మాట దాన్ని చూడంగనే నోట్లనే ఆగుతది.

ఎండకు మాడుతరంటవు. ఏప్రిల్, మే పగటిపూట టాపు తీసుడు తెలివిగల పని కాదు, ఒప్పుకుంట. అందుకే దానికి గుడ్డ టాపు ఉంది, కూసున్నకాడి నుంచే చేత్తో వెనక్కి తోసి మళ్ల లాక్కోవచ్చు. ముసురు వదలని ఈ ఇంగ్లండ్‌లనే జనం ఇట్లాంటివి కొంటున్నరు. మనకు కార్తీకం నుంచి శివరాత్రి దాక వాన భయం లేని పొద్దులు, మొయినాబాద్ దాటితే పూలతోటలు. 1996ల వచ్చిన 111 జీవో 84 ఊర్లల్ల అంతస్తులు లేవకుండ పట్టుకున్నది కాబట్టి గచ్చిబౌలిల కనపడని ఆకాశం అక్కడ ఇంకా కనపడుతది. ఆ జీవోను తిట్టని ప్లాటు యజమాని లేడు గని, టాపు లేని కారుకు అంతకన్న మేలు చేసిన కాగితం ఇంకోటి లేదు. ఇగ బీజాపూర్ రోడ్డు మర్రిచెట్లు, అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాక. రోడ్డును నాలుగు లైన్లు చేసేటప్పుడు వాటిని కొట్టెయ్యొద్దని జనం గ్రీన్ ట్రిబ్యునల్ దాక పోయిన్రు. ఏసీ వేసుకొని అద్దాలు ఎక్కించుకున్నోనికి ఆ నీడ ఉన్నా లేకున్నా ఒకటే.

భద్రత సంగతిల మాత్రం నవ్వులాట లేదు. 2025 నవంబర్‌ల మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును గుద్దితే 19 మంది పానాలు పోయింది ఆ మర్రిచెట్ల రోడ్డు మీదనే. దీనికి నా దగ్గర జవాబు లేదు, షరతుంది: నాలుగు లైన్లు పూర్తయ్యేదాక ఆ కారు హైవే ఎక్కొద్దు, మర్రి నీడ ఆగాల్సిందే. అప్పటిదాక పొద్దుగాల చిలుకూరు, గండిపేట దిక్కు తిరిగితే చాలు.

ధర దగ్గర నువ్వు గట్టిగనే పట్టుకున్నవు. వేరేవి చూద్దామంటే, మినీ కన్వర్టిబుల్‌కు వెనక సీట్లున్నయి, సీట్లుంటే చుట్టాలుంటరు. సాఫ్ట్ టాప్ థార్‌ది గూడ అదే లోపం. బీఎండబ్ల్యూ జెడ్4కు రెండే సీట్లు గని ధర మన చేతికి అందేది కాదు. ఇగ మిగిలింది ఇక్కడ వాడిన మాజ్దాను మన దేశానికి తెచ్చుడు. దాని స్టీరింగ్ కుడిదిక్కే కాబట్టి దిగుమతికి ఆ పేచీ లేదు. గని మూడేండ్లకన్న పాతది కావొద్దు, సుంకాలేమో కారు ధరను మించుతయి. గుంట భూమి అమ్మకుండ కట్టగలిగితేనే తెస్త, అది నా పూచీ. నీ వంతుకు కోతులున్నయి. గుడ్డ టాపు వాటికి ఒక్క పూట పని. ట్రాక్టర్ షెడ్డుకు తలుపులు, మీద జాలి పెట్టిస్తే ఎంతయితదో రాయి; మేస్త్రీ చెప్పిన రేటు కాదు, నువ్వు బేరమాడినంక తేలిన రేటు.