అధ్యక్షులవారి కవచకుండలాలు

కర్ణుడు కవచంతో పుట్టాడు. అమెరికా అధ్యక్షులు కవచం చేయిస్తామని మాటిచ్చి పుడతారు. 2025 మే 20న శ్వేతసౌధంలో డొనాల్డ్ ట్రంప్ అలాంటి మాటే ఇచ్చారు. పక్కన బంగారు రంగు పులిమిన అమెరికా పటం, దాని మీద ‘గోల్డెన్ డోమ్’ అన్న పేరు. భూగోళం అవతలి కొస నుంచి వచ్చినా, అంతరిక్షం నుంచి ఊడిపడినా ఏ క్షిపణినైనా దారిలోనే పేల్చేస్తుందట. ఖర్చు 17,500 కోట్ల డాలర్లు. గడువు మూడేళ్ళకు అటూ ఇటూ, అంటే తన పదవీకాలం ముగిసేలోపు. సామర్థ్యం దాదాపు నూటికి నూరు. అప్పటికి క్షిపణిని అడ్డుకునే ఇంటర్‌సెప్టర్ ఒక్కటి కూడా అంతరిక్షంలోకి ఎక్కలేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్ళు ఎగతాళిగా అన్న మాట అక్కడ రక్షణ విధానమై కూర్చుంది.

వారం తిరగ్గానే మరో ప్రకటన. కెనడా కూడా ఈ కప్పు కింద చేరవచ్చు, రుసుము 6,100 కోట్ల డాలర్లు. యాభై ఒకటో రాష్ట్రంగా కలిసిపోతే మాత్రం ఉచితం. కప్పు ఇంకా లేదు కానీ దాని కింద నిలబడటానికి అద్దె ఖరారైంది, రాయితీ కూడా ఖరారైంది.

అక్కడి కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయంలో లెక్కలు చూసేవాళ్ళకు ఇంత కవిత్వం తెలియదు. అంతరిక్షంలో తిరిగే ఇంటర్‌సెప్టర్లకే ఇరవై ఏళ్ళలో 16,100 కోట్ల నుంచి 54,200 కోట్ల డాలర్ల దాకా అవుతుందని అదే నెలలో వాళ్ళు తేల్చారు. అదీ ఉత్తర కొరియా లాంటి దేశం ఒకటో రెండో క్షిపణులు వదిలితే ఆపడానికి! కారణం పెద్ద రహస్యమేమీ కాదు. క్షిపణి మంట చిమ్ముతూ పైకి లేచే దశ మూడు నుంచి ఐదు నిమిషాలు. ఆ కాసేపట్లోనే దాన్ని పట్టుకోవాలి. ఉపగ్రహమేమో ఒకచోట కాపలా నిలబడదు, భూమి చుట్టూ పరుగెడుతూనే ఉంటుంది. సరైన సమయానికి సరైన చోట ఒక్కటి ఉండాలంటే మిగతా వందలూ వేలూ సముద్రాల మీద, ఎడారుల మీద ఊరికే తిరుగుతుండాలి. ఐదేళ్ళు కాగానే రాలిపోయే వాటి స్థానంలో కొత్తవి ఎక్కించాలి.

కవచం పని క్షిపణిని ఆపడమే అనుకునేవాళ్ళకే ఈ బెంగలన్నీ. దాని అసలు పని అభ్యర్థిని ఎన్నికలు దాటించడం. ఆ పనికి ఇంతకన్నా గొప్ప హామీ మరొకటి లేదు. రోడ్డు వేస్తానంటే గుంతలు కనబడతాయి, నీళ్ళిస్తానంటే కుళాయి తిప్పి చూస్తారు. కవచానికి ఆ బాధ లేదు. క్షిపణి రాకపోతే కవచం పనిచేసినట్టే. వస్తే, నిలదీయడానికి ఓటరు మిగలడు.

ఈ విద్యకు పూర్వరంగం 1960లో జరిగింది. సోవియట్లు క్షిపణుల్లో మనల్ని దాటిపోయారని జాన్ కెనెడీ ఊరూరా చెప్పారు, గెలిచారు. గెలిచాక ఉపగ్రహాల ఫొటోలు చూస్తే వెనకబడి ఉన్నది సోవియట్లే. భయం అబద్ధమని తేలినంత మాత్రాన ఓట్లు వెనక్కి ఇచ్చే ఏర్పాటు ఏ రాజ్యాంగంలోనూ లేదు కదా!

1967లో వంతు జాన్సన్‌ది. ఆయన రక్షణ మంత్రి మెక్‌నమారా సెప్టెంబరు 18న శాన్‌ఫ్రాన్సిస్కోలో చాలాసేపు అక్షరసత్యం మాట్లాడారు. మనం కవచం కడితే సోవియట్లు ఇంకొన్ని క్షిపణులు చేస్తారు, డబ్బు దండగ, ప్రమాదం అదనం అన్నారు. అంతా అయ్యాక, అయినా చైనా కోసం ఒక చిన్న కవచం కడుతున్నామని ప్రకటించారు. అప్పటికి చైనా దగ్గర ఖండాంతర క్షిపణి ఒక్కటీ లేదు. మరుసటి ఏడాది అధ్యక్ష ఎన్నికలు మాత్రం ఉన్నాయి. తర్వాత వచ్చిన నిక్సన్ ఆ కవచానికి పేరు మార్చి ఊళ్ళ మీద నుంచి సొంత క్షిపణుల మీదికి జరిపారు. ఉత్తర డకోటాలోని నెకోమాలో సుమారు 600 కోట్ల డాలర్లతో అది లేచింది. 1975 అక్టోబరు 1న పూర్తిగా సిద్ధమైంది. మర్నాడే దాన్ని మూసేయాలని ప్రతినిధుల సభ ఓటేసింది. దాని రాడార్ భవనం పిరమిడ్ ఆకారంలో ఇప్పటికీ ఉంది. ఈజిప్టు పిరమిడ్లలో రాజుల్ని పెట్టారు, ఇందులో పన్నులు పెట్టారు.

1983 మార్చి 23న రోనాల్డ్ రీగన్ టీవీలో కనిపించి అణ్వస్త్రాలనే పనికిరానివిగా చేసే కవచం తెస్తామన్నారు. మర్నాటికి ప్రత్యర్థులు దానికి ‘స్టార్ వార్స్’ అని సినిమా పేరు తగిలించారు. అందులో ఒక అంశం ఎక్స్‌రే లేజర్, అంటే అణుబాంబు రాకుండా అంతరిక్షంలో మనమే ఓ అణుబాంబు పేల్చడం. 1991లో గల్ఫ్ యుద్ధం వేళ పెద్ద బుష్ పేట్రియాట్ నిరోధక క్షిపణుల ఫ్యాక్టరీకి వెళ్ళి, ఇరాక్ స్కడ్ క్షిపణులు 42 వస్తే 41 కూల్చామన్నారు. మరుసటి ఏడాది ప్రభుత్వ ఆడిటర్లు తవ్వి చూస్తే, గట్టి రుజువు దొరికింది సుమారు తొమ్మిది శాతానికే.

అసలు శాస్త్రోక్తంగా చేసినది చిన్న బుష్. 2004 ఎన్నికల ఏడాది. జూలైలో అలాస్కాలోని ఫోర్ట్ గ్రీలీలో తొలి ఇంటర్‌సెప్టర్‌ను గొట్టంలో దించారు. ఆగస్టులో బోయింగ్ ఫ్యాక్టరీకి వెళ్ళి, పేల్చి చూడండి, మేం కూల్చేస్తాం అని నియంతలకు సవాలు విసిరారు. నవంబరులో గెలిచారు. డిసెంబరులో పరీక్ష పెడితే ఇంటర్‌సెప్టర్ గొట్టంలోంచి కదల్లేదు. ఫిబ్రవరిలో మళ్ళీ పెట్టారు, మళ్ళీ కదల్లేదు. దాన్ని తప్పుపట్టడం అన్యాయం. నవంబరులోనే దాని డ్యూటీ ముగిసిపోయింది.

ఇదంతా ఒక్క పార్టీ సొత్తనుకోకండి. 2012 మార్చిలో సియోల్‌లో ఒబామా, మైకు ఆన్‌లో ఉన్న సంగతి మరిచి, రష్యా అధ్యక్షుడు మెద్వెదెవ్ చెవిలో ఒక మాట ఊదారు. క్షిపణి రక్షణ సంగతి ఎన్నికలయ్యాక చూసుకుందాం, అప్పుడు నాకు వెసులుబాటు ఉంటుంది అని. ప్రత్యర్థులు దేశద్రోహమన్నట్టు గగ్గోలు పెట్టారు. అరవై ఏళ్ళ కవచ చరిత్రలో ఒక అధ్యక్షుడు నిజం చెప్పిన అరుదైన సందర్భం అది. అదీ పొరపాటున.

ట్రంప్ శాతాల మనిషి. నూరు శాతం కన్నా ముందు, 2017లో, ఆయన అంకె 97. అలాస్కా, కాలిఫోర్నియాల్లో ఉన్న 44 ఇంటర్‌సెప్టర్ల పరీక్షల రికార్డేమో సగానికి కాస్త పైన. సగం 97 ఎలా అయింది? ఒక్కో క్షిపణి మీదికి నాలుగేసి వదిలితే, నాలుగూ తప్పే అవకాశం కాగితం మీద మూడు నాలుగు శాతానికి దిగుతుంది. సగం మార్కులు తెచ్చుకునే నలుగురు పిల్లల్ని ఒకే బెంచీలో కూర్చోబెట్టి, నలుగురిలో ఎవడో ఒకడు రాస్తాడులే అనుకోవడం ఇది. నలుగురూ ఒకే ట్యూషన్లో చదివారని, ఒకడికి రాని లెక్క నలుగురికీ రాదని ఈ లెక్క చెప్పదు. పైగా ప్రశ్నపత్రం ముందే తెలిసిన పరీక్షల్లో వచ్చిన మార్కులివి. లక్ష్యం ఎక్కడి నుంచి ఎప్పుడు లేస్తుందో తెలుసు. తొలి పరీక్షల్లోనైతే, నేనిక్కడున్నాను అని సంకేతాలిచ్చే పరికరాన్ని కూడా లక్ష్యానికే బిగించారు. నిజమైన శత్రువు అంత మర్యాదస్థుడు కాడు. బాంబుతో పాటు గాలి బుడగల్ని వదులుతాడు. అంతరిక్షంలో గాలి లేదు కాబట్టి బుడగా బాంబూ ఒకే వేగంతో పక్కపక్కనే వస్తాయి. ఏది ఏదో నమ్మకంగా చెప్పగల కన్ను ఇంకా పుట్టలేదు.

ఇజ్రాయెల్ ఐరన్ డోమ్ పనిచేస్తోంది కదా అంటారు. పనిచేస్తోంది. అది 70 కిలోమీటర్ల లోపు నుంచి వచ్చే రాకెట్ల కోసం చేసింది, కాపాడుతున్నది మన తెలంగాణలో అయిదో వంతు ఉండే దేశాన్ని. సెకనుకు ఏడు కిలోమీటర్ల వేగంతో ఖండాలు దాటి వచ్చేదానికీ దానికీ పోలిక పేరులోనే.

కవచం దేనికీ తగల్లేదంటే మాత్రం నేనొప్పుకోను. ఒక లక్ష్యం విషయంలో దాని గురి అమోఘం. ఆ లక్ష్యం ఒప్పందాలు. 1986 అక్టోబరులో రెక్యవిక్‌లో రీగన్, సోవియట్ నేత గోర్బచేవ్ అణ్వస్త్రాల్నే రద్దు చేసుకునే దాకా వచ్చారు. కవచ ప్రయోగాలు ప్రయోగశాల దాటకూడదని గోర్బచేవ్ పెట్టిన ఒక్క షరతు దగ్గర అంతా కూలింది. 1972 నాటి క్షిపణి నిరోధక ఒప్పందం నుంచి 2002 జూన్ 13న చిన్న బుష్ బయటికొచ్చారు. మర్నాడే రష్యా అణ్వస్త్రాల తగ్గింపు ఒప్పందం స్టార్ట్-2కి స్వస్తి చెప్పింది. ఒకే గుండుకు రెండు! 2018 మార్చి 1న, తన ఎన్నికలకు రెండు వారాల ముందు, పుతిన్ అదే కారణం చూపి కవచాలకు చిక్కని కొత్త ఆయుధాల వరుస ప్రకటించారు. ఫ్లోరిడా మీదికి బాంబులు దిగుతున్నట్టు బొమ్మల సినిమా కూడా వేశారు. ఒకరి కవచం మరొకరికి ప్రచార సామగ్రి. మోహరించిన వ్యూహాత్మక అణు వార్‌హెడ్లను చెరో 1,550 దగ్గర కట్టేసిన న్యూ స్టార్ట్ ఒప్పందానికి 2026 ఫిబ్రవరి 5తో గడువు తీరింది.

నవ్వేముందు మన పెరడు కూడా చూసుకోవాలి. 2025 ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి మన ప్రధాని ‘సుదర్శన చక్రం’ అనే కవచాన్ని ప్రకటించారు. 2035 నాటికి ముఖ్యమైన చోట్లన్నీ దాని నీడలోకి వస్తాయన్నారు. హైదరాబాద్ క్షిపణి ప్రయోగశాలల ప్రతిభ మీద నాకు సందేహం లేదు. పేరు ముందు, పరీక్ష తర్వాత అన్న అలవాటు మీదే ఉంది.

క్షిపణుల్ని నూటికి నూరు శాతం కూల్చిన పద్ధతి ఒకటి నిజంగానే ఉంది. రెక్యవిక్ తర్వాత, ఈ కవచాన్ని చూసి భయపడాల్సిన పనిలేదని సఖరోవ్ లాంటి సోవియట్ శాస్త్రవేత్తలు చెప్పారు. గోర్బచేవ్ ఆ ప్రయోగశాల షరతు మీద పంతం వదిలారు. 1987 డిసెంబరులో మధ్యశ్రేణి క్షిపణుల ఒప్పందం మీద సంతకాలయ్యాయి. 1991 నాటికి 2,692 క్షిపణుల్ని, అవతలి దేశపు తనిఖీదారులు దగ్గరుండి చూస్తుండగా కోసేశారు, కాల్చేశారు, నుజ్జు చేశారు. బుడగలు మోసం చేయలేదు, గురి ఒక్కసారీ తప్పలేదు. ప్రపంచంలో 1986 నాటికి 70,000 దాకా ఉన్న వార్‌హెడ్లు ఇవాళ 12,000 చిల్లరకు దిగాయంటే, దిగింది ఇలాంటి సంతకాల వల్లా నమ్మకాల వల్లా తప్ప ఏ కవచం వల్లా కాదు. ఆ మధ్యశ్రేణి ఒప్పందాన్ని 2019లో ట్రంప్ వదిలేశారు. రంపంతో కోసిన క్షిపణి టీవీలో మెరవదు, దానికి బంగారు రంగు పూయలేం.

2028లో మళ్ళీ ఎవరో ఒకరు కొత్త పేరుతో కవచం పట్టుకుని వస్తారు. అక్కడ ఓటున్న మన తెలుగువాళ్ళు శాతాల జోలికి పోకుండా ఒక్క ప్రశ్న వేస్తే చాలు. ఎన్ని క్షిపణుల్ని గాల్లో పేల్చేస్తావన్నది కాదు, ఎన్నింటిని నేల మీద కోయిస్తావన్నది.