సొంత కెర్నెలు అల్లుడుగారు

కంప్యూటరు తెలిసిన అల్లుడు దొరకడం అదృష్టమే. మరీ తెలిసినవాడు దొరికితేనే చిక్కు. ఊరంతా తయారైన ఆపరేటింగ్ సిస్టమ్‌తో పని కానిచ్చుకుంటుంటే, ఈయన ‘లైనక్స్ ఫ్రమ్ స్క్రాచ్’ పుస్తకం ముందేసుకుని, కంపైలర్ దగ్గర మొదలుపెట్టి ఒక్కో ముక్కా సోర్స్ కోడ్ నుంచి తానే కట్టుకుంటాడు. ‘‘ఇందులో నాకక్కర్లేని సరుకు ఒక్కటీ లేదు’’ అని గర్వం. ఆ అక్కర్లేని సరుకులో వీడియో కూడా ఉందన్న సంగతి ఎవరో ఒకరు అడిగినప్పుడే బయటపడుతుంది.

అడిగేది అత్తగారు. తమ్ముడి పెళ్లి క్యాసెట్టు, 1994 నాటిది, బూజు పట్టేలోగా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. అల్లుడుగారు క్యాసెట్టులోని బొమ్మను కంప్యూటరులోకి ఎక్కించే ఈజీక్యాప్ అనే యూఎస్‌బీ ముక్క తెప్పిస్తాడు. దీని మాయ కాస్త చెప్పుకోవాలి. పైన డొప్ప ఒకటే. లోపల ఏ చిప్పుందో ఎవరి అదృష్టం వారిది. మధ్యవర్తి చూపించిన ఫొటో ఒకరిది, పీటల మీద కూర్చున్నది ఇంకొకరు. ఎస్‌టీకే1160 అయితే బతికిపోయినట్టే, 2012లో లైనక్స్ 3.7 కెర్నెలుతోనే డ్రైవరు వచ్చేసింది. ఎంపియా అయితే డ్రైవరు వేరు. సోమ్యాజిక్ తగిలిందా, దాని ఫర్మ్‌వేరును విండోస్ డ్రైవరు ఫైల్లోంచి పెకలించి తేవాలి. అల్లుడుగారు లోలోపల కోరుకునేది సోమ్యాజిక్కే.

‘‘బావా, నా ల్యాప్‌టాప్‌లో విండోసే ఉంది, పెట్టి చూద్దామా?’’ అంటాడు బావమరిది.

‘‘లోపల ఏం జరుగుతోందో నీకు తెలుసా?’’

‘‘తెలీదు బావా. బొమ్మ వస్తుంది.’’

ఈ మాటకు జవాబుండదు గనక అల్లుడుగారు కీబోర్డు వైపు తిరుగుతాడు. ‘‘దొరికింది!’’ అన్న కేక విని అందరూ హాల్లోకి పరుగెత్తుకొస్తే తెర మీద ఒక్క లైను అక్షరాలు: చిప్పు ఎస్‌టీకే1160. కెర్నెలులో ఏముండాలో ఎంచుకునే మెనూకాన్ఫిగ్ తెరిస్తే మల్టీమీడియా మొత్తానికీ తాళం. మళ్లీ కంపైలు. టీలవుతాయి, భోజనాలవుతాయి. రీబూట్ చేస్తే లేచేది పాత కెర్నెలే, కెర్నెలును లేపే గ్రబ్‌లో పేరు మార్చలేదు కదా. మార్చాక ‘వీడియో0’ అన్న ఫైలు పుడుతుంది. దాన్ని చూడ్డానికి మళ్లీ అందర్నీ పిలుస్తాడు. తెరవబోతే అనుమతి లేదంటుంది. ఇంటి పెద్దల్ని పలకరించినంత కాలం పట్టదు గానీ, తనను తాను వీడియో గ్రూపులో చేర్చుకోవాలి.

ఇక బొమ్మ. మన క్యాసెట్టు పాల్ పద్ధతిది, 625 గీతలు. ఆ డ్రైవరు మొదట అనుకునేది అమెరికా ఎన్‌టీఎస్‌సీ, 525. అది సరిచేస్తే పెళ్లి కుదురుగా కనిపిస్తుంది, వినిపించదు. సన్నాయి లేదు, పురోహితుడి పెదాలు మాత్రం ఆడుతుంటాయి. ఈ లోకంలో శబ్దం దారి వేరు, దాని పేరు ఆల్సా. యూఎస్‌బీ ఆడియో కూడా అక్కర్లేని సరుకులోనే పోయింది. ఇంకో కంపైలు.

రాత్రి ఏ పదింటికో సన్నాయి మోగుతుంది. అత్తగారు కుర్చీ ముందుకు జరుపుకుంటుంది.

‘‘అదుగో మా అమ్మ! ఎంత చక్కగా నవ్వుతోందో చూడు బాబూ!’’

అల్లుడుగారు కళ్లద్దాలు తెరకు ఆనించి చూస్తాడు.

‘‘నవ్వు బాగానే ఉందండీ అత్తయ్యగారూ. సరి గీతలొకచోట, బేసి గీతలొకచోట పడి పళ్లే చీలుతున్నాయి. డీఇంటర్లేస్ చెయ్యాలి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ మళ్లీ కంపైల్ చేస్తాను, ఒక్కసారి ఆపేయనా?’’